సమాధానం: ప్యాషన్ ఫ్రూట్ పందిరి నిండా పూలు, నిలిచే కాయ ఒక్కటీ లేదు

అన్నా, నల్గొండలో మీ పందిరి మీద రెండు పసుపు రకం తీగలు ఉన్నాయని, రెండూ ఒకే చెట్టు కొమ్మలతో పెట్టినవేనని రాశారు. అసలు చిక్కు అక్కడే ఉంది. పసుపు రకం తన పుప్పొడితో తాను కాయదు. ఒకే తల్లి కొమ్మలంటే రెండు తీగలైనా ఒకటే లెక్క. వేరే చోటి నుంచి తెచ్చిన పసుపు మొక్కో, గింజతో మొలిచిన మొక్కో పక్కన పెట్టండి. ఊదా రకానికి మాత్రం ఈ ఇబ్బంది సాధారణంగా ఉండదు.

ఆ కొత్త మొక్క పూతకొచ్చే దాకా తెలిసినవాళ్ల తీగ పూలు తెచ్చుకోండి. పసుపు రకం పువ్వు మధ్యాహ్నం విచ్చుకుని రాత్రికి ముడుచుకుంటుంది, మళ్లీ తెరుచుకోదు. అందుకే ఆ పూల పుప్పొడిని మీ పూలకు చేత్తో అద్దే పని అదే మధ్యాహ్నం చేయాలి. పువ్వు మధ్యలో పుప్పొడి తిత్తులు ఐదుంటాయి, వాటిపైన మూడు కొమ్ముల్లా కీలాగ్రాలు, అంటే పుప్పొడిని అందుకునే కొసలు. అవి కిందికి వంగే దాకా ఆగి, మెత్తటి బ్రష్‌తో బయటి పువ్వు పుప్పొడిని మూడింటి కొసలకూ అద్దండి. పువ్వు తడిగా ఉంటే పుప్పొడి పగిలిపోతుంది, ఆ పూట నీళ్లు చిలకరించొద్దు. అతికితే కొన్ని రోజుల్లోనే పిందె ఉబ్బుతుంది. లేదంటే పసుపెక్కి రాలుతుంది.

నల్ల తుమ్మెదలు వస్తే ఈ పనంతా అవే చక్కగా చేస్తాయి, పూత మీద పురుగుమందు కొట్టకండి.

ఏప్రిల్, మేలో ఎండ 40 డిగ్రీలు దాటితే పుప్పొడి అద్దినా పువ్వు రాలుతుంది. అప్పుడు తీగ మొదలు చుట్టూ వరిగడ్డి పరిచి, పదును ఆరకుండా చూడండి. యూరియా ఆపేయండి, ఆకే పెరుగుతుంది.