కంప్యూటర్ కంటే ముందు కార్డు బాకీ

ప్రశ్న: సార్, మేం బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం. మావారి జీతం ఇంటి అద్దెకు, పిల్లాడి ఫీజుకు సరిపోతుంది. నేను ఇంట్లోనే కూర్చుని 11 షాపులకు ట్యాలీలో లెక్కలు రాసి, జీఎస్‌టీ రిటర్నులు వేస్తాను. నెలకు 16,500 వస్తాయి. నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది, ట్యాలీ తెరవాలంటే కాఫీ పెట్టుకొచ్చేంత టైమ్ పడుతోంది. విండోస్ 10 సపోర్ట్ అయిపోయిందని, దీనికి విండోస్ 11 రాదని స్క్రీన్ మీద వస్తోంది. షాపులో 62,000 ల్యాప్‌టాప్ చూపించి 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు, రిపబ్లిక్ డే ఆఫర్ ఆదివారం దాకేనట, మెమరీ చిప్‌ల రేట్లు పెరుగుతున్నాయి, ఆగితే ఎక్కువ పెట్టాలి అన్నారు. నా స్క్రీన్ ఫొటో, ఆ ల్యాప్‌టాప్ బాక్స్ ఫొటో పంపుతున్నాను. క్రెడిట్ కార్డు మీద 38,000 బాకీ ఉంది, నెలకు 2,000 కడుతున్నాను. ఎఫ్‌డీలు రెండున్నాయి, ఒకటి 50,000, ఇంకోటి 70,000. కొనేయమంటారా, ఆగమంటారా?

జవాబు: ఆగండి మేడమ్. ఆదివారం పోతే ఇంకో ఆదివారం వస్తుంది, ఉగాది ఆఫర్ అని ఒకటి వస్తుంది, ఆగస్టులో ఇంకోటి వస్తుంది. అయితే ఆగమన్నాను కదా అని ఆ మెసేజ్‌ని రోజూ క్లోజ్ చేసేసి పని చేసుకుపోతే మాత్రం కుదరదు, ఎందుకంటే ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది మీ ఒక్కరి లెక్కలు కాదు, 11 షాపుల పాస్‌వర్డ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు.

ముందు టెన్షన్ సంగతి తేల్చుకుందాం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, అది నిజమే. ఆ మాటకు అర్థం కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. దొంగలు కొత్తగా కనిపెట్టే కన్నాలను పూడ్చే పని కంపెనీ ఆపేసింది, అంతే. అదీ పూర్తిగా ఆపలేదు. ఇంట్లో వాడుకునేవాళ్ల కోసం ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని ఒక ఏడాది గడువు పెట్టారు, 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. దానికి ధర 30 డాలర్లు అని పెట్టారు గానీ, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి మీ సెట్టింగ్స్ వాళ్ల దగ్గర బ్యాకప్ పెట్టుకుంటే ఆ డబ్బు కూడా అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరవండి, ఎన్‌రోల్ నౌ అని ఉంటుంది. మీ విండోస్ 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి, కాకపోతే ముందు పెండింగ్‌లో ఉన్న అప్‌డేట్లన్నీ వేసుకోండి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, సెట్టింగ్స్‌తో పాటు ఫోల్డర్లన్నీ కూడా వన్‌డ్రైవ్‌లోకి, అంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్‌లోకి, పంపమంటారా అని అడుగుతుంది, అక్కడ టిక్ తీసేయండి. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, మీ ఫొటోలు ఎక్కితే రెండు రోజుల్లో నిండిపోతుంది, ఆ తర్వాత నెలనెలా డబ్బు కట్టమని వెంటపడుతుంది.

మీరు పంపిన స్క్రీన్ ఫొటో చూశాను. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ దగ్గర పచ్చ టిక్ ఉంది, ప్రాసెసర్ దగ్గర ఎర్ర గుర్తు ఉంది. మీది ఇంటెల్ ఏడో తరం ఐ5. ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే విండోస్ 11 లిస్టులో ఉన్నాయి, కాబట్టి సెట్టింగ్ మార్చితే పోయే సమస్య కాదిది. ఒక్క తరం తేడాలో లిస్టు బయట ఉండిపోయారు, బాధే. మన ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో 1,500 ఇస్తే ఆ ప్రాసెసర్ పరీక్షను దాటవేసి విండోస్ 11 ఎక్కించేస్తాం, ఆఫీస్ కూడా ఫ్రీ అనేవాళ్లు దొరుకుతారు. వద్దు. లిస్టులో లేని మెషీన్లకు అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది, పైగా ఆ ఫ్రీ ఆఫీస్‌తో పాటు లోపలికి ఏం వస్తుందో మనకు తెలీదు. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకోమని ఎవరైనా సలహా ఇస్తే, మీ అబ్బాయి చదువుకైతే శుభ్రంగా సరిపోతుంది గానీ ట్యాలీ నేరుగా అందులో నడవదు, మీకు పనికిరాదు.

ఇక డబ్బు సంగతికొద్దాం. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది విండోస్ కాదు, చివర్లో ఏదో మాటవరసకు అన్నట్టు రాసిన ఆ కార్డు బాకీ. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది, మీది ఎంతో స్టేట్‌మెంట్ వెనక పేజీలో చూడండి. 38,000 మీద నెలకు 1,330 వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, అదొక 239. మొత్తం 1,569. మీరు కట్టే 2,000లో అసలుకు పోయేది 431 రూపాయలు! జీఎస్‌టీ లెక్కలు రోజూ వేసే మీరు మీ సొంత స్టేట్‌మెంట్‌లో ఆ లైను చూడకపోవడం ఆశ్చర్యమేమీ కాదు, మా ఇంట్లో కూడా నా సొంత పేపర్లే అన్నిటికంటే చివర తెరుస్తాను.

అదే 38,000 ఎఫ్‌డీలో ఉంటే, ఆరున్నర శాతం అనుకున్నా, నెలకు 206 వస్తుంది. ఒక చేత్తో 206 తీసుకుని ఇంకో చేత్తో 1,569 ఇస్తున్నారన్నమాట. ఎఫ్‌డీ ముట్టుకోకూడదు, అది లక్ష్మి అనే మాట మన ఇళ్లలో బాగా నాటుకుపోయింది, నేను కాదనను, కానీ ఇక్కడ ఆ లక్ష్మి వెనక గుమ్మంలోంచి వెళ్లిపోతోంది. 50,000 ఎఫ్‌డీ ఈ వారమే తీసేయండి. ముందుగా తీసినందుకు వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, పర్వాలేదు. 38,000తో కార్డు పూర్తిగా కట్టేయండి. 70,000 ఎఫ్‌డీ మాత్రం కదపకండి, అది ఆస్పత్రి డబ్బు.

ఆ నో కాస్ట్ ఈఎంఐ గురించి కూడా ఒక మాట. అసలు సున్నా వడ్డీ అనేదే లేదని, దాన్ని ప్రాసెసింగ్ ఫీజు లాంటి వాటిలో దాచేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. మీరు షాపుకెళ్లి, మొత్తం ఒకేసారి ఇస్తే ఎంతకిస్తారు అని అడిగి చూడండి. 58,500 అన్నారనుకోండి, మీ వడ్డీ 3,500 అన్నట్టే. చూడ్డానికి 6 శాతంలా ఉంటుంది, కానీ అసలు నెలనెలా తగ్గుతూ పోతుంది కాబట్టి ఏడాదికి దాదాపు 11 శాతం పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్‌టీ కాకుండానే. ఇంకా అడ్డంగా దొరికిపోయే దారి, బాకీ ఉన్న కార్డు మీదే మామూలుగా గీకేసి తర్వాత ఈఎంఐ చేసుకుందాంలే అనుకోవడం, పాత బాకీ ఉన్నప్పుడు కొత్త కొనుగోలుకు వడ్డీ లేని రోజులు ఉండవు, గీకిన రోజు నుంచే మీటర్ తిరుగుతుంది.

జీఎస్‌టీ బిల్లు ఇస్తాం, బిజినెస్‌లో చూపించుకోవచ్చు, ట్యాక్స్ తగ్గుతుంది అని కూడా షాపులో అనే ఉంటారు. మీ ఏడాది రాబడి 1,98,000. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా పన్నే లేదు, లేని పన్ను ఏం తగ్గుతుంది? మీ పేరు మీద జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని తర్వాత తగ్గించుకునే వీలు, కూడా లేదు. బిల్లులోని 18 శాతం జీఎస్‌టీ మీ జేబులోంచి పోయేదే.

షాపతను చెప్పిన ఒక్క మాట మాత్రం కొట్టిపారేయను, మెమరీ చిప్‌ల రేట్లు పెరుగుతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు వాటిని ఎగరేసుకుపోతున్నాయి, ఆ దెబ్బ ల్యాప్‌టాప్‌ల ధరల మీదా పడుతోంది. అక్టోబర్ నాటికి ఇంకో రెండు మూడు వేలు ఎక్కువ పెట్టాల్సి రావచ్చు. అయినా సరే ఏడాదికి 42 శాతం వడ్డీ పడే బాకీని పక్కన పెట్టుకుని ఆ రెండు మూడు వేల కోసం పరిగెత్తడం నాకు లెక్కకు రాదు.

అసలు మీకు 62,000 మెషీన్ ఎందుకు? మీరు పంపిన ఫొటోలో బాక్స్ మీద గ్రాఫిక్స్ కార్డు పేరు కనిపిస్తోంది. ట్యాలీకి, ఎక్సెల్‌కి, జీఎస్‌టీ పోర్టల్‌కి అది ఏమీ చేయదు, ఎనిమిదో తరగతి అబ్బాయి గేమ్స్‌కి బ్రహ్మాండంగా చేస్తుంది! కోప్పడకండి, మావాడూ అంతే. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే స్టోరేజ్) ఉన్న మామూలు మోడల్ మీ పనికి చాలు, నలభై, నలభై అయిదు వేల మధ్య చూసుకోండి. విండోస్ 11 లోపల ఉందో లేదో అడగండి, అది లేకుండా తక్కువ ధరకు అమ్మేవీ ఉంటాయి.

ఆ డబ్బు ఇలా జమ చేయండి. కార్డుకు కట్టే 2,000 ఇక మిగులుతుంది, దానికి మీ రాబడిలోంచి 2,500 కలిపి నెలకు 4,500 ఆర్‌డీలో వేయండి. ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ దాకా 8 నెలలు, 36,000. ఎఫ్‌డీలో మిగిలిన 12,000లో ఒక 5,000 పెట్టి ఈ పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించండి, ట్యాలీ తెరవగానే కాఫీ పెట్టుకొచ్చేంత టైమ్ పడుతోందని రాశారు కదా, ఆ బాధ పోతుంది. కొత్తది కొన్నాక అదే ఎస్‌ఎస్‌డీని చిన్న కేస్‌లో పెట్టుకుంటే బ్యాకప్ డ్రైవ్ అవుతుంది. మిగిలిన 7,000 ఆ 36,000కి కలిపితే 43,000. సెప్టెంబర్ చివర్లో రొక్కం పట్టుకుని షాపుకెళ్లి బేరమాడండి. ఈలోగా ఈ ల్యాప్‌టాప్ చచ్చిపోతే అప్పుడు జమైనదానికి తక్కువపడిన మొత్తానికి మాత్రం ఈఎంఐ తీసుకోండి, తప్పు లేదు, అది మీ తిండి పెట్టే పనిముట్టు.

ఈ మార్పులన్నీ ఎప్పుడు చేస్తారన్నది కూడా ముఖ్యమే, అది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. కిందటి జులై ఆఖరి వారంలో, రిటర్నుల రద్దీలో, నా ల్యాప్‌టాప్‌ని విండోస్ 11కి మార్చబోయి బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, ఏదో తిప్పాను. నీలం స్క్రీన్ వచ్చి డిస్క్ తాళం తీయడానికి 48 అంకెల రికవరీ కీ కొట్టమంది. అలాంటిదొకటి ఉంటుందని కూడా నాకు అప్పటిదాకా తెలీదు. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి వెతికితే అక్కడ ఉంది కాబట్టి బతికాను, ఆ గంటన్నరలో ముగ్గురు క్లయింట్లు ఫోన్ చేశారు. మీకు 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1, 20న పన్ను కట్టే 3బీ రిటర్ను ఉంటాయి, లేటైతే రోజుకు 50 రూపాయలు షాపువాళ్లకు పడుతుంది, మాట మీకు పడుతుంది. కాబట్టి ఏం చేసినా 21వ తేదీ దాటాకే పెట్టుకోండి. ముందు రోజు రాత్రి ట్యాలీ డేటా ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి. ఎస్‌ఎస్‌డీ వేయించాక పాత హార్డ్ డిస్క్‌ని షాపులో వదిలేసి రాకండి, దానికి రెండు మూడు వందలిస్తామంటారు, 11 షాపుల లెక్కలూ అందులోనే ఉంటాయి.