షోరూముకు పోయే ముందు ఒకమాట

చిరంజీవి పాపకు పెద్దనాయన ఆశీస్సులు.

కారు బుక్ చేస్తున్నావని మీ నాయన నిన్న ఫోన్లో చెప్పినాడు. ధర్మవరం స్కూలుకు రోజూ బస్సులో నిలబడి పోయే పిల్ల సొంత కారులో పోతుందంటే రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

ఆధార్, పాన్, జీతం స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకుపో. రెండు లక్షలు, ఆపైన నగదు వాళ్ళు తీసుకోకూడదు. చిట్టీ డబ్బు ముందే బ్యాంకులో వెయ్యి.

"క్యాషా, లోనా మేడం? ఎప్పటికి కావాలి?" అని సేల్స్ పిల్లోడు నవ్వుతూ అడుగుతాడు. ఆ నవ్వులోనే నిన్ను తూకం వేస్తుంటాడు. వాళ్ళ బాధా వాళ్ళది. నువ్వడిగిన రంగు స్టాకులో లేకపోతే తెప్పించాలి. తెప్పించినాక లోను రాకపోతే బండి వాళ్ళ నెత్తిన కూర్చుంటుంది. అందుకే బుకింగ్ డబ్బు కట్టించుకుని, ఫైలు బ్యాంకుకు పంపి, సిబిల్ స్కోరు, అంటే మనం పాత అప్పులు ఎట్లా కట్టినామో చెప్పే మార్కులు, చూపిస్తారు. 750 దాటితే మామూలుగా ఇబ్బంది ఉండదు.

నేను బోర్లా పడింది అక్కడే. 2009లో స్నేహితుడొకడు ట్రాక్టరు లోనుకు షూరిటీ పెట్టమన్నాడు. టవర్ క్లాక్ దగ్గర టీకొట్టు బల్లమీద ఎనిమిది చోట్ల సంతకం చేసినా. ఒక్క కాగితమూ చదవలేదు. వాడి శనగకాయ పంట వరసగా రెండేండ్లు ఎండింది, కంతులు ఆగినాయి. బ్యాంకువాళ్ళు నా ఇంటికొచ్చినారు. లక్షా ఇరవై వేలకు సెటిల్‌మెంట్ చేసుకుని పీడ పోయిందనుకున్నా.

2014లో మీ పెద్దమ్మతో షోరూముకు పోయినా. ఆమె తెల్ల బండి బానెట్ మీద చెయ్యి పెట్టుకుని, తెలుపా, బూడిద రంగా అని ఆలోచిస్తా ఉంది. నా పాన్ నంబరు తీసుకుపోయిన పిల్లోడు నా సిబిల్ రిపోర్టు కాగితం తెచ్చి, నేను షూరిటీ పెట్టిన ట్రాక్టరు లోను చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టినాడు. పక్కన 'సెటిల్డ్' అని ఉంది. అంటే మొత్తం కట్టకుండా ఎంతో కొంతకు తెగ్గొట్టుకున్నట్టు. 'క్లోజ్డ్' అని ఉండాలంట. బుకింగ్ డబ్బు వెనక్కిచ్చినారు. మీ పెద్దమ్మ బానెట్ మీద నుంచి చెయ్యి తీసేసింది. బస్సెక్కినాక ఒకే మాట అంది: "పాపం, ఆయన ట్రాక్టరు ఇప్పుడెక్కడుందో."

కాబట్టి ముందు నీ సిబిల్ రిపోర్టు నువ్వే తీసుకో, ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. ఒకేరోజు నాలుగు బ్యాంకుల్లో లోనుకు పెట్టొద్దు, అడిగిన ప్రతిసారీ అందులో ఎక్కుతుంది. బుకింగ్ రద్దైతే ఎంత వెనక్కొస్తుందో రాయించుకో. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టినావంటే ఊరుకోను. విచారణకు ఇంటికి మనిషి వస్తే మీ నాయనను మాట్లాడనియ్యొద్దు. లేని బోర్లు కూడా ఉన్నాయని గొప్పలు చెప్తాడు.

ఇంకొకటి. మీ స్కూలు టీచరెవరో షూరిటీ అడిగిందంట గదా? పెట్టేసినావా? పెట్టుంటే చెప్పు తల్లీ, తిట్టను. నేను పెట్టలేదా? ఆమె కంతులు సక్రమంగా కడుతుందో లేదో కనుక్కుందాం.

రిపోర్టు రాగానే ఫోన్ చెయ్యి. రాత్రి పదైనా పర్వాలేదు, మేలుకునే ఉంటా.