పక్కనే బోరు దింపేశారు, మాకు నోటీసు ఇవ్వక్కర్లేదా?

ప్రశ్న: లాయరు గారూ, మాది మధురవాడ. మా వీధంతా తాగేది ఒక్క పబ్లిక్ బోరు నీళ్ళే. దానికి 50 మీటర్లు కూడా లేదు, అపార్ట్‌మెంట్ కడుతున్న బిల్డరు రాత్రికి రాత్రి రిగ్గు తెచ్చి బోరు దింపేశాడు. దీనికి ముందే పేపర్లో ప్రకటన ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలి కదా?

జవాబు: లేదండీ, చాలామంది ఇక్కడే పొరబడతారు. టెంటు వేసి మైకు పెట్టి కలెక్టరు గారో జాయింట్ కలెక్టరో కూర్చునే ప్రజాభిప్రాయ సేకరణ 2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పెద్ద ప్రాజెక్టులకి, దానికైతే కనీసం 30 రోజుల ముందు ప్రకటన రావాలి, ఒక్క బోరుకి అదంతా ఉండదు.

మీకు పనికొచ్చేది 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం. పబ్లిక్ తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపు పర్మిషన్ లేకుండా కొత్త బోరు వెయ్యకూడదు. కాబట్టి ముందు టేపు పట్టుకుని రెండు బోర్ల మధ్య దూరం కొలవండి, ఫొటోలు తీయండి, కొలిచినప్పుడు వీధివాళ్ళు ఓ నలుగురు పక్కనుండాలి. ఆ కొలత రాసి తహసీల్దారు ఆఫీసులో అర్జీ ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి, నోటితో చెప్పొచ్చామంటే రేపు ఎవరూ ఒప్పుకోరు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఒకటి పడెయ్యండి. అసలు పర్మిషన్ ఉందా, ఉంటే కాపీ ఇవ్వండని సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఇప్పుడు చెప్పేది మీకు నచ్చకపోవచ్చు, అయినా వినండి. బిల్డరుకి నోటీసు ఇచ్చి, అతని మాట కూడా విన్నాకే ఆర్డరు వెయ్యమని మీరే అర్జీలో రాయండి. మనం తిట్టుకునేవాడికి మనమే నోటీసు ఇప్పించడమేంటని అడుగుతారు, కానీ అతన్ని వినకుండా ఆవేశంలో బోరు సీలు వేస్తే అతను హైకోర్టుకెళ్ళి ఆ ఒక్క పాయింటు మీదే ఆర్డరు కొట్టేయించుకుని రావచ్చు, మళ్ళీ మీరు మొదటికొస్తారు. హియరింగ్ రోజు మమ్మల్నీ పిలవండని కూడా అందులోనే అడగండి.

అర్జీ ఇచ్చినా ఎవరూ కదలకపోతే అప్పుడు హైకోర్టులో రిట్, అంటే అధికారుల చేత వాళ్ళ పని చేయించమని కోర్టుని అడిగే పిటిషన్, ముద్ర పడిన ఆ కాపీయే మీ ఆధారం. అన్నట్టు రిగ్గుకి కూడా వాల్టా కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ రాత్రి ఎవరైనా బండి నెంబరు ఫోన్లో తీసుంటే అర్జీకి జత చెయ్యండి.