పాత సిస్టమ్‌లో లినక్స్ వేస్తే గేమ్స్ నడుస్తాయా?

ప్రశ్న: మాది గాజువాక. 2017లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ ఉంది. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1050 టీఐ కార్డు. విండోస్ 11 ఎక్కదు, కొత్తది తీసుకోండి అని షాపులో అన్నారు. ఇప్పుడు అంత డబ్బు పెట్టలేం. లినక్స్ వేసుకుంటే చాలని మా మేనల్లుడు అంటున్నాడు. నేను ఇంట్లో తెలుగు టైపింగ్ చేస్తాను, ప్రశ్నపత్రాలు, శుభలేఖలు. మా బాబు సెలవుల్లో వాలరెంట్, జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ ఆడతాడు. రెండు పనులూ కుదురుతాయా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఇప్పుడే కొత్తది కొనకండి. మీ సిస్టమ్‌కి ఏమీ కాలేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, 11కేమో ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అధికారికంగా ఒప్పుకుంటారు, మీది ఆరోది కావడంతో బయట ఉండిపోయింది. విండోస్ బదులు వేసుకునే లినక్స్‌కి ఆ పట్టింపు లేదు. లినక్స్ రకాల్లో ఒకటైన మింట్ దీనిమీద హాయిగా నడుస్తుంది, దాని 22 వరుసకు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

ఇక గేమ్స్. పేరు చెప్పకుండా అడిగితే ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు, మీరు పేర్లు రాయడం మంచిదైంది. కౌంటర్ స్ట్రైక్ 2ని దాన్ని తయారుచేసిన వాల్వ్ కంపెనీ వాళ్లే లినక్స్‌కి నేరుగా ఇస్తున్నారు, సెట్టింగులు కాస్త తగ్గించుకుంటే నడుస్తుంది. జీటీఏ 5 కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్ కుదరదు. వాలరెంట్ అసలు కుదరదు.

ఈ తేడా ఎందుకంటే, విండోస్ కోసం రాసిన గేమ్‌ని లినక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనేదాన్ని వాల్వ్ 2018లో తన ఆన్‌లైన్ గేమ్స్ దుకాణం స్టీమ్‌లో పెట్టింది. దాని పునాది వైన్, 1993 నుంచీ ఎందరో కలిసి రాస్తూ వస్తున్న ప్రాజెక్టు. గేమ్ డైరెక్ట్‌ఎక్స్‌లో (విండోస్ గ్రాఫిక్స్ భాష) అడిగిన బొమ్మల్ని డీఎక్స్‌వీకే లాంటి భాగం అప్పటికప్పుడు వల్కన్‌లోకి (లినక్స్‌లో నడిచే గ్రాఫిక్స్ భాష) మార్చి గ్రాఫిక్స్ కార్డుకి అందిస్తుంది, ఆడేవాళ్లకి ఆ సంగతే తెలియదు. 2022లో వాల్వ్ తెచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ మొత్తం ఇలాగే నడుస్తోంది. అందుకే ఒక్కరే ఆడుకునే గేమ్స్‌కి ఇప్పుడు పెద్దగా టెన్షన్ లేదు. పదేళ్ల కిందట మీరిదే అడిగి ఉంటే నేనే వద్దనేవాణ్ణి.

చిక్కంతా నలుగురితో ఆన్‌లైన్‌లో ఆడేవాటితోనే. మోసం చేసేవాళ్లని పట్టుకోవడానికి పెట్టే యాంటీ చీట్ ఉంటుంది కదా, వాలరెంట్‌ది విండోస్ కెర్నెల్‌లోనే, అంటే దాని గుండెకాయలోనే కూర్చుంటుంది, దాన్ని ప్రోటాన్ అనుకరించలేదు. జీటీఏ ఆన్‌లైన్ సంగతి వేరే, 2024 సెప్టెంబరులో అందులో పెట్టిన బాటిల్‌ఐకి ప్రోటాన్‌తో పనిచేసే వీలు 2021 నుంచే ఉంది, కంపెనీ సరే అనాలి, అనలేదు. అపెక్స్ లెజెండ్స్ అనే గేమ్ అయితే లినక్స్‌లో చక్కగా ఆడుతున్నవాళ్లకి 2024 చివర్లో దారి మూసేసింది. దారి ఉండి కూడా మూసేయడం నాకు నిజంగా బాధనిపిస్తుంది. వర్చువల్ మెషీన్‌లో (లినక్స్ లోపలే విండోస్‌ని నడిపే పద్ధతి) ఆడొచ్చని వీడియోల్లో చెప్తుంటారు, వినొద్దని బాబుకి చెప్పండి, ఐడీ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. ఏ గేమ్ ఎలా నడుస్తోందో ఆడినవాళ్లు ప్రోటాన్‌డీబీ అనే సైట్‌లో రాస్తారు, ముందు అది చూసుకోమనండి.

మీ టైపింగ్ సంగతి ఇంకా ముఖ్యం, ఇంటికి డబ్బు తెచ్చేది అదే కదా. యూనికోడ్‌లో అయితే ఏ ఇబ్బందీ లేదు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకోవచ్చు, లిబ్రెఆఫీస్‌లో ప్రశ్నపత్రాలు శుభ్రంగా వస్తాయి, మండలి, రామభద్ర, సురన్న లాంటి ఫాంట్లు ఉచితమే. కానీ శుభలేఖల ప్రెస్ వాళ్లు అను ఫాంట్లలో పేజ్‌మేకర్ ఫైలు అడుగుతారా? అడిగితే విండోస్ తీసేయకండి. అవి విండోస్ కోసం చేసినవి, పెళ్లివారు తొందరపెడుతున్నప్పుడు లినక్స్‌లో వాటితో కుస్తీ పట్టలేరు.

అందుకని నేనైతే ఇలా చేస్తాను. ద్వారకానగర్‌లో ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ కొని, పాత డిస్క్ కేబుల్ పీకేసి, కొత్తదానిమీద మింట్ వేసి, తర్వాత పాతది మళ్లీ తగిలిస్తాను. ఇలా చేస్తే పొరపాటున కూడా మీ ఫైళ్లు పోవు (బ్యాకప్ మాత్రం తీసే ఉంచండి). ఎటూ కేబినెట్ విప్పుతారు కాబట్టి లోపల దుమ్ము దులిపి తుప్పేమైనా పట్టిందేమో చూడండి, మన సముద్రపు గాలి దేన్నీ వదలదు. పాత విండోస్‌ని నెట్ లేకుండా టైపింగ్‌కే వాడండి. మింట్‌లోని డ్రైవర్ మేనేజర్‌లో ఎన్‌విడియా 580 డ్రైవర్ ఎంచుకోండి, మీ కార్డు తరానికి అదే చివరి వరుస. గేమ్స్ లినక్స్ డిస్క్‌లోనే పెట్టాలి, విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోవి ప్రోటాన్‌తో తరచూ మొరాయిస్తాయి.

వీటన్నిటికన్నా ముందు మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడండి. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. వైఫై, సౌండ్ వస్తున్నాయో లేదో చూసి, ఒక తెలుగు పేజీ ప్రింట్ తీయండి. ప్రింటర్ మొరాయిస్తే మోడల్ పేరుతో మళ్లీ రాయండి.

ప్రశ్న: మధురవాడలో ఉంటాను, ఇంజినీరింగ్ చదువుతున్నాను. లినక్స్‌లో గేమ్స్ కోసమే కొత్త డెస్క్‌టాప్ కొనాలంటే ఏ కార్డు?
– ఒక విద్యార్థి

జవాబు: ఏఎండీ. దాని డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనూ, మీసా అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ ముందే ఉంటుంది, విడిగా వేసుకునే పని లేదు. కాలేజీ ప్రాజెక్టులకి కార్డుతో లెక్కలు చేయించే ఎన్‌విడియా వారి CUDA కావాలంటే మాత్రం ఎన్‌విడియా తీసుకో.