వరంగల్‌లో హేజల్‌నట్ పండుతుందా?

హన్మకొండ దగ్గర రెండెకరాల చెల్కలో హేజల్‌నట్ (చాక్లెట్లలో వేసే గింజ) పెట్టొచ్చా అని అడిగారు. మొక్క బతికినా కాయ మీద ఆశ పెట్టుకోకండి. దానికి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలి. మనకు డిసెంబర్ రాత్రుల్లో కూడా అంత చలి ఉండదు, మేలో ఎండ 44 దాటుతుంది.

దీని పూత చిత్రం. ఆకు రాకముందే, నడిచలిలో, మగపూలు తోకల్లా వేలాడతాయి; ఆడపూవు మొగ్గ కొసన కొన్ని ఎర్రపోగులు, అంతే. తేనెటీగతో పనిలేదు, పుప్పొడిని గాలే మోస్తుంది. అయితే తన పుప్పొడి తనకు పనికిరాదు, పక్కన వేరే రకం ఉండాల్సిందే. ప్రపంచ పంటలో సగానికి పైగా టర్కీదే, అదీ ఎక్కువగా నల్లసముద్రం ఒడ్డున. మీ చెల్కకు మామిడే నయం.