ఎస్‌ఏను నిషేధించింది గ్రోనరే, ష్లైషర్ కాదు

1932లో జర్మనీలో నాజీ పార్టీ ప్రైవేటు సైన్యంలాంటి ఎస్‌ఏ దళాన్ని నిషేధించిన మంత్రి గ్రోనరా, ష్లైషరా అని అడిగారు కదండీ. గ్రోనరే. ఇద్దరూ జనరల్సే, ఇద్దరూ అదే ఏడాది రక్షణ మంత్రులుగా ఉన్నారు, అందుకే ఈ తికమక.

విల్‌హెల్మ్ గ్రోనర్ 1867లో లుడ్విగ్స్‌బర్గ్‌లో పుట్టారు. సైన్యంలో ఆయన పట్టంతా రైళ్ల మీదే. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు లక్షల మంది సైనికులను సరిహద్దులకు చేర్చిన ఏర్పాట్లు ఆయన విభాగానివే. 1918 నవంబర్ 9న బెల్జియంలోని స్పా పట్టణంలో కైజర్ (జర్మనీ చక్రవర్తి), సైన్యాన్ని వెంటబెట్టుకుని జర్మనీకి తిరిగి వెళ్తానన్నాడు. సైన్యం తన సేనాధిపతుల వెంట ఇంటికి వెళ్తుంది గానీ మీ వెంట రాదని గ్రోనర్ ముఖం మీదే చెప్పేశారు. చక్రవర్తి ముందు ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

తర్వాత 1920 నుంచి 1923 వరకు రవాణా మంత్రి. 1928లో రక్షణ శాఖ, 1931లో హోం శాఖ కూడా ఆయన చేతికే వచ్చాయి. 1932 ఏప్రిల్ 13న నిషేధం వచ్చింది. ఆయన చేరదీసిన ష్లైషరే తెరవెనుక ఎదురు తిరగడంతో మే నెలలో రక్షణ మంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. జూన్‌లో ష్లైషర్ ఆ కుర్చీలో కూర్చున్నాడు, నిషేధమూ ఎత్తేశారు.

కాబట్టి మీ నోట్స్‌లో నెల చూసుకోండి. ఏప్రిల్ అని ఉంటే గ్రోనర్ పేరే రాయండి.