ఎద్దుకు నొప్పి సూది: ఏది వేయించాలి, ఎన్ని రోజులు?

ప్రశ్న: సార్, మా ఎద్దు వెనక కుడికాలు కుంటుతోంది. ఊర్లో సూదులు వేసే ఆయన మనుషులకు వాడే డైక్లోఫెనాక్ చిన్న సీసాలు నాలుగు కలిపి వేసినాడు. రెండు రోజులు బాగా నడిచింది. వేరుశనగలో గుంటక కట్టినాం, మళ్లీ కుంటు పట్టుకుంది. పోయిన నెల మా పాడావుకు మూడు రోజుల జ్వరం వస్తే కూడా అదే మందు వేయించినాం. ఎద్దుకు రోజూ వేయించొచ్చా? ఆవు పాలు పిల్లలు తాగొచ్చా?
– ఒక రైతు, పత్తికొండ ప్రాంతం, కర్నూలు జిల్లా

జవాబు: వద్దు, రోజూ వేయించొద్దు. ఇంకొక్క సూది కూడా ఆ మందుది వేయించొద్దు. ఎద్దును కాడి నుంచి విప్పి, నీడలో మెత్తటి నేల మీద కట్టండి. ముందర నీళ్లు ఎప్పుడూ ఉండాలి. ఈరోజే మీ రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పండి, లేదంటే 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించండి. ఆవు సంగతి టెన్షన్ పడొద్దు. మందు వేసింది పోయిన నెల కాబట్టి ఇప్పుడు పాలు తాగొచ్చు.

మందు పని చేయలేదని మీరు అనుకుంటున్నట్టున్నారు. నిజానికి అది చేయాల్సిన పని చేసింది. కాలిలో ఎక్కడో దెబ్బ ఉంది, ఆ నొప్పి తెలియకుండా చేసింది. నొప్పి తెలియకపోయేసరికి ఎద్దు ఆ కాలి మీద పూర్తి బరువు మోపి గుంటక లాగింది. లోపల నరం బెణికి ఉంటే ఈ రెండు రోజుల పనికి ఇంకా చిట్లి ఉండొచ్చు. విత్తనం, అంతరసేద్యం రోజుల్లో జతలో ఒక ఎద్దు ఆగిపోతే ఎంత ఇబ్బందో నాకు తెలుసు. అయినా చెబుతున్నాను, నొప్పి సూది వేసి ఎద్దును కాడికి కట్టడం మాత్రం చేయకండి. వారం ఆగితే తగ్గే దెబ్బ ఆ ఎద్దును సేద్యానికే పనికిరాకుండా చేయొచ్చు.

ముందు ఆ కాలు చూడండి. గిట్ట ఎత్తి, నీళ్లతో కడిగి, రెండు గిట్టల మధ్య వేలు పెట్టి వెతకండి. రాయి, ముల్లు, చీము, చెడు వాసన ఏదైనా ఉందేమో గమనించండి. ఈమధ్య లాడాలు కొట్టించి ఉంటే ఒక్కో మేకు దగ్గర మెల్లగా తట్టండి. ఒకచోట తట్టగానే కాలు లాక్కుంటే ఆ మేకు లోపలి మెత్తటి భాగంలోకి దిగిందని అనుమానించాలి. దాన్ని తీసి శుభ్రం చేస్తే తప్ప ఏ మందుకూ కుంటు పోదు. నోట్లో పుండ్లు, చొంగ కూడా ఉంటే అది గాలికుంటు. మిగతా పశువుల నుంచి వెంటనే వేరు చేయాలి. వెనక కాలు కాబట్టి ఇంకొకటి కూడా చూడాలి. లేచి నడవబోయినప్పుడు కాలు వెనక్కి చాచుకుని బిగుసుకుపోయి, కొన్ని అడుగులు ఈడ్చి, ఉన్నట్టుండి జర్క్‌తో విడిపోతోందా? అలాగైతే మోకాలిచిప్ప పట్టేస్తోందన్నమాట. మన ఎద్దుల్లో ఇది చాలా మామూలు. డాక్టరు అక్కడి బంధనాన్ని చిన్న కోతతో తెంచితే చాలావరకు బాగైపోతుంది. నెలల తరబడి నొప్పి మందులు వేసినా దానికి ఉపయోగం లేదు.

ఇక మందు సంగతి. దెబ్బ తగిలిన చోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారు చేస్తుంది. నొప్పి, వాపు, జ్వరం వీటివల్లే పెరుగుతాయి. నొప్పి మందులు ఈ తయారీని అడ్డుకుంటాయి. అయితే ఇవే పదార్థాలు పశువు నాలుగో పొట్ట లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడతాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవి కూడా ఇవే. అందుకే రోజుల తరబడి వేస్తే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మన సీమ ఎండల్లో నీళ్లు చాలక డస్సిపోయిన పశువుకు, పారుడు పట్టిన పశువుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటి పశువుకు ముందు సెలైనో, నోటి ద్వారా నీళ్లో అందించి, ఆ తర్వాతే నొప్పి మందు ఆలోచించాలి. పేడ తారులా నల్లగా పడినా, మేత మానేసి పళ్లు కొరుకుతున్నా, మూత్రం తగ్గినా మందు ఆపి డాక్టరును పిలవండి. నొప్పి మందుతో పాటు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ సూది కూడా వేయడం కొందరికి అలవాటు. రెండూ కలిస్తే కడుపులో పుండ్లు ఇంకా తొందరగా పడతాయి.

డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా 2006లోనే కేంద్రం ఆపించింది. కారణం రాబందులు. 1990ల మొదట్లో మన ఊళ్ల బయట చచ్చిన గొడ్డును గంటల్లో శుభ్రం చేసిన పక్షులవి. పదిహేనేళ్లు తిరిగేసరికి దేశంలో మూడు జాతుల రాబందులు నూటికి తొంభై ఐదుకు పైగా పోయాయి. ఈ మందు వేసిన కొద్ది రోజుల్లో చచ్చిన పశువును తింటే వాటి మూత్రపిండాలు పాడై చనిపోతున్నాయని పాకిస్తాన్‌లో చేసిన పరిశోధన 2004లో తేల్చింది. నిషేధం వచ్చాక కూడా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు పశువులకు వాడుతుంటే, 2015లో వాటిని ఆపి, ఒక్క మోతాదు పట్టే 3 మిల్లీలీటర్ల సీసాలకే పరిమితం చేశారు. మీ ఊరాయన నాలుగు సీసాలు కలపాల్సి వచ్చింది అందుకే. ఆ అడ్డంకి కావాలని పెట్టిందే. తర్వాత 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, 2024 చివర్లో నిమెసులైడ్ కూడా పశువులకు నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి పోయాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది కాబట్టి పేరు మారిందని మోసపోవద్దు.

వీటి బదులు మెలోక్సికామ్ ఉంది, టోల్ఫెనమిక్ ఆసిడ్ ఉంది. రెండూ పశువుకు బాగా పనిచేస్తాయి, రాబందులకూ హాని చేయవు. మెలోక్సికామ్ ఆవులు, ఎద్దులకు కిలో బరువుకు అర మిల్లీగ్రాము. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఈ మందు మార్కెట్లో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల సీసాలోనూ, 20 మిల్లీగ్రాముల సీసాలోనూ దొరుకుతుంది. ఎద్దు ఛాతీ చుట్టుకొలత 70 అంగుళాలు, భుజం ముందు నుంచి తోక మొదలు దగ్గరి ఎముక దాకా పొడవు 58 అంగుళాలు అనుకుందాం. చుట్టుకొలతను అదే సంఖ్యతో గుణించి, పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు 430 కిలోలు వస్తుంది. దానికి 215 మిల్లీగ్రాములు కావాలి. మొదటి సీసా నుంచైతే 43 మిల్లీలీటర్లు, రెండో దాన్నుంచైతే 11 కూడా నిండవు. సీసా చూడకుండా "పోయినసారి వేసినంతే" అని వేస్తే నాలుగింతలు పడిపోవచ్చు, లేదా నాలుగో వంతే పడి ఏమీ ఫలితం కనిపించకపోవచ్చు. కొన్ని సీసాల్లో మెలోక్సికామ్‌తో పాటు పారాసిటమాల్ కూడా కలిసి ఉంటుంది, అదీ చదవండి. రోజుకు ఒక్కసారే. మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు. ఆపైన కావాలంటే అది డాక్టరు నిర్ణయం. పాలిచ్చే పశువైతే సీసా మీద రాసిన గడువు దాకా పాలు వాడొద్దు. ఐరోపాలో మెలోక్సికామ్ సూదికి పాలకు 5 రోజులు, మాంసానికి 15 రోజులు గడువు. సీసా మీద ఏమీ రాసి లేకుంటే మీరూ అదే పాటించండి. ఈనడానికి దగ్గరున్న చూడి ఆవుకు మాత్రం డాక్టరు చెప్పకుండా ఏ నొప్పి సూదీ వేయించొద్దు. ఈత ఆలస్యం కావచ్చు, మావి పడకపోవచ్చు.

మీ ఆవుకు వచ్చిన మూడు రోజుల జ్వరం సంగతి వేరు. అందులో నొప్పి మందు నిజంగా మేలు చేస్తుంది. అది దోమలు, చిన్న ఈగల వల్ల సోకే వైరస్, జ్వరంతో పాటు కీళ్లు బిగుసుకుని పశువు ఒకసారి ఒక కాలు, ఇంకోసారి ఇంకో కాలు కుంటుతుంది. మెలోక్సికామ్ వేసి, అవసరమైతే కాల్షియం ఇచ్చి, నాలుగు రోజులు నీడలో ఉంచితే చాలావాటికి తగ్గుతుంది. ఆ సమయంలో మింగే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి గొట్టంతో కషాయాలు, గంజి బలవంతంగా పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ జ్వరం చంపని పశువును ఆ గంజి చంపుతుంది. జ్వరం తగ్గినా వారం పాటు ఎండలో దూరం తోలొద్దు.

మనుషుల మాత్రలు గొర్రెలకు, కాపలా కుక్కకు కూడా వేయొద్దు. కుక్కకు ఐబుప్రొఫెన్ చిన్న మోతాదులోనే ప్రాణాంతకం కావచ్చు.

డాక్టరు వచ్చినప్పుడు ఎద్దుకు వేసిన ఖాళీ సీసాలు చూపించండి. ఏ రోజు ఎన్ని వేశారో, ఆ తర్వాత ఎద్దు పేడ, మూత్రం ఎలా ఉన్నాయో చెప్పండి. మందు తెచ్చిన ఆయన పేరు చెప్పక్కర్లేదు. మందు పేరు దాచొద్దు, దాన్నిబట్టే తర్వాతి సూది ఎప్పుడు వేయాలో, అసలు వేయాలో వద్దో డాక్టరు తేల్చుకుంటారు. ఆ సీసాలు ఇంకా మిగిలి ఉంటే పశువుల పాకలో ఉంచకండి.